కత్తెర పడితేనే మల్లె

ఫాల్గుణం రాగానే మొక్కలు పెంచేవాళ్ల మధ్య ఒక ప్రశ్న మొదలవుతుంది. నర్సరీ గేటు దగ్గర, అపార్ట్‌మెంటు లిఫ్టులో, పెళ్లి భోజనాల బల్ల దగ్గర, ఎక్కడైనా అదే మాట. "మా మల్లెచెట్టు ఏపుగా ఉందండీ. ఆకు నిగనిగలాడుతోంది. మొగ్గ మాత్రం ఒక్కటీ లేదు. ఏం వేయమంటారు?"

అందరూ ఏం వేయాలనే అడుగుతారు. ఏం తీసేయాలని అడిగేవాళ్లు అరుదు. మల్లెకు ముందు కావలసింది తీసేయడమే. కొమ్మ తీసేయాలి, ఆకు తీసేయాలి, కొన్నాళ్లు నీళ్లు కూడా మానేయాలి. ఈ మూడూ వేళకు జరిగిన ఇంట్లో చైత్రం నాటికి చెట్టు తెల్లబడుతుంది. జాలిపడి వదిలేసిన ఇంట్లో పచ్చగానే ఉండిపోతుంది.

పెరటి మొక్కల్లో ఇంత నియమం కోరేది మరొకటి నాకు కనబడలేదు. మందారం నీళ్లు పోస్తే పూస్తుంది. నందివర్ధనం ఎవరూ పట్టించుకోకపోయినా పూస్తుంది. మల్లె అలా కాదు. దాని వేసవి పూత చలికాలంలోనే ఖాయమైపోతుంది. జనవరిలో చేయని పనికి మార్చిలో బస్తా ఎరువు కుమ్మరించినా బదులు కాదు. ఈ సంగతి మన ఇళ్లలో పాతతరం ఆడవాళ్లకు ఎవరూ చెప్పకుండానే తెలుసు. పెరళ్లు పోయి బాల్కనీలు వచ్చాక మొక్క కుండీలోకి ఎక్కి మనతో పాటు వచ్చేసింది. దానితో రావలసిన పని మాత్రం ఊళ్లోనే ఉండిపోయింది. ఆ పని తిరిగి చేతికి రావాలన్నదే నా ఆరాటం.

కొమ్మ చివర జరిగేది

మల్లె కొమ్మను ఒకసారి కంటికి దగ్గరగా పట్టుకుని చూడండి. ప్రతి కణుపు దగ్గరా రెండు ఆకులు ఎదురెదురుగా ఉంటాయి. తొడిమ కొమ్మను అంటుకున్న మూలలో గోటితో గీకితే పోయేంత చిన్న పచ్చని బుడిపె ఒకటి కనిపిస్తుంది. అదే కన్ను. కొమ్మ కొస పెరుగుతున్నంత కాలం ఈ కన్నులు నిద్రలోనే ఉంటాయి. కొస నుంచి కిందికి దిగే ఆక్సిన్ అనే హార్మోను వాటిని లేవనివ్వదు. కొస తెగిందంటే ఆ అదుపు పోయినట్టే. కోతకు దిగువన ఉన్న కణుపులో రెండు కన్నులూ లేస్తాయి. ఒక్కొక్కటి రెండు మూడు జతల ఆకులు వేసి, తన చివర మొగ్గ తొడుగుతుంది. చాలావరకు మూడు మొగ్గల గుత్తి. నడిమి మొగ్గ ముందు విచ్చుకుంటుంది, పక్కవి రెండూ దాని వెనక.

మొగ్గ ఎప్పుడూ కొత్తగా లేచిన చిగురు కొసనే వస్తుంది. నిరుటి ముదురు కొమ్మ తనంతట తాను పూత పట్టదు. కాబట్టి ఎన్ని కొత్త చిగుళ్లు లేస్తే అన్ని గుత్తులు. ఒక కోత పడితే రెండు చిగుళ్లు, ఆరు మొగ్గలు. ఇరవై కొమ్మల పొదకు కత్తెర వేస్తే ఏమవుతుందో లెక్క కట్టుకోవచ్చు. కత్తిరించని పొదలో ఉన్న బలమంతా పాత కొమ్మల్ని సాగదీయడానికి, ఉన్న ఆకును పోషించడానికి సరిపోతుంది. అందుకే ఏపుగా ఉన్న చెట్టు గొడ్డుపోవడంలో వింతేమీ లేదు.

గుండుమల్లె రైతులకు తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం చెప్పే పద్ధతి కూడా ఇదే. నవంబరు ఆఖరివారంలో పొదలన్నిటినీ నేలకు 50 సెంటీమీటర్ల ఎత్తున కత్తిరించేయమంటుంది. మన కోస్తా తోటల్లో ఈ పని డిసెంబరు, జనవరి నెలల్లో సాగుతుంది. ఇళ్లలో అయితే సంక్రాంతి గడువు. పండక్కి చుట్టాలు వచ్చి వెళ్లాక, ముగ్గులు వెలిశాక, చలి ఇంకా ఉండగానే.

కృష్ణా జిల్లాలో మా పెద్దమ్మ వాళ్ల పెరట్లో బావి గట్టు పక్కన ఒక బొడ్డుమల్లె పొద ఉండేది. కనుమ వెళ్లిన తర్వాత ఒక పొద్దున ఆవిడ కొంగు బిగించి, కొడవలి పట్టుకుని దాని ముందు కూర్చునేది. ముందు ఎండుపుల్లలు, ఒకదానిమీద ఒకటి పడి రాసుకునే కొమ్మలు పోయేవి. తర్వాత మిగిలినవాటిని మోకాలెత్తుకు తెగ్గొట్టేది. ఆ తర్వాతి పని పిల్లలది. కొమ్మ కొసను ఎడంచేత్తో పట్టుకుని కుడిచేతి వేళ్లు కొస నుంచి మొదటికి జార్చితే ఆకులు దోసిట్లోకి రాలేవి. నాకు ప్రాణం ఒప్పేది కాదు.

"చచ్చిపోదా పెద్దమ్మా?"

"చావదు లేవే. ఒంటి నిండా ఆకు ఉన్నంతకాలం దానికి పూత ధ్యాస ఉండదు. నువ్వు దుయ్యి."

మూడు వారాలకు ఆ మోడు పుల్లల మీద ఎర్రగా చిగుళ్లు పొడిచేవి. ఆవిడ అప్పుడు మాత్రమే పాదు తవ్వి, గత్తం వేసి, నిండా నీళ్లు వదిలేది. కోతకు పది పదిహేను రోజుల ముందు నుంచే చెట్టుకు చుక్క నీరు పోనిచ్చేది కాదు. గిన్నెలు కడిగిన నీళ్లు కూడా అటు పారకుండా చిన్న గట్టు కట్టేది. హార్మోన్ల పేరు ఆవిడ వినలేదు. వరస మాత్రం ఎన్నడూ తప్పలేదు: నీళ్లు ఆపడం, కోయడం, ఆకు దుయ్యడం, పాదు గుల్లచేయడం, ఎరువు, ఆ తర్వాత నీళ్లు. ఈ వరసలో మొదటిదీ చివరిదీ తారుమారైతే చెట్టు మళ్లీ ఆకులోకే వెళ్లిపోతుంది.

మైలవరం తెల్లవారుజాము

మల్లె అంటే తెలుగువాళ్లకు గుర్తొచ్చే ఊరు మైలవరం. విజయవాడకు 40 కిలోమీటర్ల దూరంలో, ఇప్పటి ఎన్టీఆర్ జిల్లాలో ఉంది. మధురై మల్లెకు 2013లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మైలవరం మల్లెకు మన జనం నోట ఉన్న పేరు అంతకు తీసిపోదు. ఎండాకాలంలో బస్టాండుల్లో "మైలవరం మల్లెలండీ" అని కేక వేస్తే చాలు, మరో మాట చెప్పనక్కర్లేదు.

తోటల్లో ఆకు దుయ్యడానికి మనుషుల చేతులు చాలవు. కొన్నిచోట్ల గొర్రెల్ని, మేకల్ని తోలేస్తారు. నీరు మానేసి బెట్టకు తెచ్చిన తోటలో మంద ఒక పూట తిరిగితే ఆకు పోతుంది, ఎరువు పడుతుంది. ఆ తర్వాత కత్తిరింపు. చిగురు మీదికి నీరు పెట్టాక ఫిబ్రవరి చివర, మార్చి మొదట్లో తొలిపూత. ఏప్రిల్, మే నెలలు పూర్తి పంట. ఆ రెండు నెలలూ ఆ ఇళ్లలో నిద్ర అంటూ ఉండదు.

ఎందుకంటే బజారుకు పంపే మల్లెమొగ్గను కోయడానికి రోజులో ఒకే ఒక వేళ ఉంది. సాయంత్రం విచ్చుకోబోయే మొగ్గను ఆ పొద్దునే కోయాలి. నిన్నటి మొగ్గ అయితే విచ్చుకుని వాడిపోయింది, రేపటి మొగ్గ ఇంకా పచ్చిది. కోసేవాళ్లు ఎలా పోల్చుకుంటారని అడిగితే చేతివేళ్లు చూపిస్తారు. పచ్చి మొగ్గలో ఆకుపచ్చ ఛాయ ఉంటుంది, పట్టుకుంటే గట్టిగా ఉంటుంది. ఆనాటి మొగ్గ పాలతెలుపు తిరిగి, కాడ సాగి, నడుము దగ్గర ఉబ్బి ఉంటుంది. చీకటి ఉండగానే తలకు లైటు కట్టుకుని సాలులోకి దిగి, ఒడిలోకి తెంపుకుంటూ పోతారు. చాలావరకు ఆడవాళ్లే. కిలో తూగాలంటే వేల మొగ్గలు కోయాలి. ఎండెక్కక ముందే కాటా దాటి, బండెక్కాలి. మధ్యాహ్నానికి బజారు చేరని మొగ్గకు సాయంత్రం విలువ లేదు.

ధర సంగతి రైతు చేతిలో లేదు. ముహూర్తాలు ఉంటే ఆకాశానికి, మూఢం వస్తే నేలకు. తోట నిండా పూసిన వారంలోనే ధర పడిపోవడం మల్లె రైతుకు ఏటా తప్పని బాధ. మనం మూర పూలకు బేరమాడేటప్పుడు, దాని వెనక తెల్లవారుజామున మూడు గంటలకే వంగిన నడుములున్నాయన్న ఎరుక ఉండాలని నా కోరిక. పది రూపాయలు తగ్గించమని అడగకుండా కొనగలిగినవాళ్లు అడగకుండానే కొనాలి.

తెగిన మొగ్గ చేసే పని

కోసిన తర్వాత కూడా మల్లెమొగ్గ ఎదుగుతూనే ఉంటుంది. చెట్టు నుంచి విడిపోయాక ఇంత పని చేసే పువ్వులు తక్కువ. పొద్దున తెంపిన మొగ్గలో మధ్యాహ్నం దాకా వాసన దాదాపు ఉండదు. సాయంత్రం ఆరు, ఏడు మధ్య రేకులు వదులవుతాయి, అప్పుడు వాసన మొదలవుతుంది. ముందే తయారై దాచుకున్న వాసన కాదది, విచ్చుకుంటూ ఆ గంటల్లో తయారుచేసుకునేదే ఎక్కువ. బెంజైల్ అసిటేట్, లినలూల్ దాని తియ్యదనానికి కారణం. వాటితో పాటు ఇండోల్ అనే పదార్థం కాస్త ఉంటుంది. మలంలో దుర్గంధానికి కారణమైనవాటిలో ఇదీ ఒకటి. ఇంతింతే ఉన్నప్పుడు అదే మల్లెకు ఆ మత్తునిస్తుంది. ఇండోల్ లేని సెంటు ఎంత ఖరీదైనా మల్లెలా అనిపించకపోవడానికి కారణం ఇక్కడుంది.

చీకట్లో తెల్లగా విచ్చుకుని వాసన చిమ్మడం రాత్రిపూట తిరిగే రెక్కల పురుగుల కోసం. కానీ మన ఇళ్లలో ముద్దగా పూసే మల్లెలు కాయ కాయడం చాలా అరుదు. వందల ఏళ్లుగా మనుషులు కొమ్మ అంటుకట్టో, తుంచి పాతో పెంచుతూ వచ్చిన మొక్క ఇది. మన కుండీలో ఉన్నది ఎప్పటిదో ఒక మొక్క తాలూకు కొమ్మే, చేతులు మారుతూ మన దాకా వచ్చింది.

చైనాలో గ్వాంగ్‌షీ ప్రాంతంలోని హెంగ్‌ఝౌ దగ్గర ఇదే మల్లెను ఎకరాలకు ఎకరాలు పండించి తేయాకుకు వాసన పట్టిస్తారు. రాత్రి మొగ్గలు విచ్చుకునే వేళకు వాటిని ఎండిన తేయాకుతో కలిపి పోగు పెడతారు. తెల్లారేసరికి ఆకు ఆ వాసనంతా పీల్చుకుంటుంది. పూలను ఏరిపారేసి, మళ్లీ మరుసటి రాత్రికి కొత్త మొగ్గలు. తెగిన మొగ్గ చేసే ఈ పని మీదే ఆ పరిశ్రమంతా నడుస్తోంది. ఫిలిప్పీన్స్‌కు 1934 నుంచి ఇది జాతీయ పుష్పం. ఇండొనేసియా 1990లో తన జాతీయ పుష్పాల్లో ఒకటిగా ప్రకటించుకుంది. శ్రీశైలంలో అయితే స్వామి పేరులోనే ఉంది. చంద్రావతి అనే రాకుమారి మల్లెలతో అర్చించినందువల్ల మల్లికార్జునుడయ్యాడని అక్కడి స్థలపురాణం.

ఏ మల్లె తెచ్చుకోవాలి

కడియం నర్సరీలో అడుగుపెడితే మొదట వచ్చే ప్రశ్నే ఇది. "ఏ మల్లె కావాలండీ? బొడ్డుమల్లా, దొంతరమల్లా, తీగమల్లా?" ఇంటికి బొడ్డుమల్లె మంచిది. మొగ్గ గుండ్రంగా ఉంటుంది, మాలకు వస్తుంది, పూత ఎక్కువ. గుండుమల్లె, బొండుమల్లె అని ఒక్కోచోట ఒక్కో పేరు. దొంతరమల్లెలో రేకులు వరస మీద వరసగా చిన్న గులాబీలా ఉంటాయి. చూడటానికి అందం, పూత మాత్రం తక్కువ, మాలకు బరువు. తీగమల్లె ఒంటివరస రేకులతో సన్నగా ఉండి, పందిరి కోరుతుంది. జాగా ఉంటే తప్ప దాని జోలికి పోవద్దు.

జాజి, సన్నజాజి, విరజాజి అన్నీ మల్లెకు దాయాదులే కానీ కాలాలు వేరు, కత్తిరింపు వేరు. మల్లె లెక్కలో జాజిని కోస్తే దెబ్బతింటాం. సన్నజాజికి జనవరి చివర కత్తెర పడాలి. జాజి పూత వానలు పడ్డాక. వసంత వర్ణనలో జాజిని చెప్పకూడదని మన అలంకారికులు కవిసమయంగా పెట్టుకున్నారు. విశ్వనాథుడి సాహిత్యదర్పణంలో ఆ నియమం కనిపిస్తుంది. కవులు పెరట్లోకి వచ్చి చూసే రాశారని అది చదివినప్పుడల్లా నాకు సంతోషం. చలికాలంలో బజారుకు వచ్చే కాగడాలు మల్లెలా కనిపిస్తాయి, వాసన లేదు. వాటిని చూసి మల్లె అనుకుని మొక్క తెచ్చుకునేవాళ్లున్నారు. అడిగి కొనాలి.

కొనేటప్పుడు పూలున్న మొక్క వైపు చేయి పోతుంది. అది వద్దు. మొదట్లోనే మూడు నాలుగు కొమ్మలు చీలి, పొట్టిగా, అడుగున చిగుళ్లున్న మొక్కను తీసుకోండి. పూలు ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు వస్తాయి. అడుగునుంచి కొమ్మలు లేని మొక్క మాత్రం ఎన్నేళ్లయినా కర్రలా సాగుతుంది.

దొంతరమల్లె సంగతి వచ్చింది కాబట్టి ఒక కథ చెప్పాలి. 17వ శతాబ్దం చివర గోవా నుంచి ఒక ముద్దమల్లె ఇటలీలో టస్కనీ పాలకుడు మూడో కోసిమో మెడిచి దగ్గరకు చేరింది. ఫ్లోరెన్స్ పక్కన కాస్టెల్లో అనే తన తోటలో దాన్ని పెంచాడు. చలికి చావకుండా ఆ మల్లె కోసమే అక్కడ ఒక వెచ్చని గది కట్టారు. ఆ తోటలో ఆ గది ఇప్పటికీ ఉంది. కొమ్మ కూడా బయటికి పోనివ్వలేదని, తోటమాలి ఒకడు తన ప్రియురాలికి దొంగతనంగా ఇస్తే అలా లోకానికి పాకిందని అక్కడివాళ్లు చెప్పుకునే కథ. ఇవాళ అమెరికా నర్సరీల్లో 'గ్రాండ్ డ్యూక్ ఆఫ్ టస్కనీ' అన్న పేరుతో అమ్మే మొక్క అదే. మన దొంతరమల్లెకు దగ్గరి చుట్టం. టెక్సస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మన పిల్లలు ఆ పేరు చూసి ఇదేదో విదేశీ పువ్వనుకుని దాటిపోవద్దు. 'మెయిడ్ ఆఫ్ ఓర్లియన్స్' అన్నది కాసిని రేకులున్న మల్లె, పూత బాగా ఎక్కువ, కొత్తవాళ్లకు అదే సులువు. ఊరినుంచి కొమ్మ పెట్టెలో పెట్టుకుని పోవడం అక్కడి చట్టం ఒప్పదు, పైగా అవసరమూ లేదు.

అక్కడ కాలెండరు మాత్రం మారుతుంది. రాత్రి చలి 10 డిగ్రీలకు దిగుతోందంటే కుండీ లోపలికి రావాలి. చలికాలమంతా కిటికీ పక్కన, నీళ్లు అంతంతమాత్రంగా. కత్తిరింపు మార్చి దాకా ఆగాలి. మంచు భయం పోయాక బయట పెడితే జూన్ నుంచి సెప్టెంబరు దాకా పూస్తుంది. నీళ్లు మాన్పించి చలిలో ఉంచడమనే పని అక్కడ వాతావరణమే సగం చేసిపెడుతుంది.

కుండీలో పెంచేవాళ్లకు

అన్నిటికన్నా ముందు ఎండ. రోజుకు ఐదారు గంటల నేరుటెండ పడని చోట మల్లె బతుకుతుంది, పూయదు. ఉత్తరం వైపు బాల్కనీ మాత్రమే ఉన్నవాళ్లకు నేను మల్లె పెట్టుకోమని చెప్పను. వాళ్లకు డాబా మీద ఒక మూల అడిగి తెచ్చుకోవడమే దారి. తూర్పు, దక్షిణం, పడమర ఏదైనా మంచిదే.

కుండీ అడుగున్నర వెడల్పు, అంతే లోతు ఉంటే నాలుగైదేళ్లు నిశ్చింత. ఎర్రమట్టి రెండు పాళ్లు, బాగా మాగిన పశువుల ఎరువు ఒక పాలు, ఇసుక ఒక పాలు, గుప్పెడు వేపపిండి. మట్టిలో నీళ్లు నిలిస్తే వేరు కుళ్లుతుంది. కుండీ కింద రంధ్రం మీద పెంకుముక్క పెట్టడం మరిచిపోవద్దు. నేలలో నాటుకునేవాళ్లు మూరెడు లోతు గొయ్యి తీసి, 10 కిలోల ఎరువు మట్టితో కలిపి నింపి నాటాలి. మొక్కకూ మొక్కకూ నాలుగడుగులు.

ఇక జనవరి పని. కుండీకి పది రోజులపాటు నీళ్లు బాగా తగ్గించండి. నేలలో మొక్కలా పూర్తిగా మానేస్తే కుండీలో వేరు ఎండిపోతుంది కాబట్టి ఆకు వాలినప్పుడు ఒక చెంబు చాలు. తర్వాత పదునైన కత్తెర తీసుకుని ప్రతి కొమ్మనూ సగానికి, ముదురు పొదైతే మూడోవంతుకు తగ్గించండి. కోత కణుపుకు పావంగుళం పైన, కాస్త ఏటవాలుగా. కణుపుకు మరీ ఎగువన కోస్తే ఆ ముక్క ఎండి, ఎండు కిందికి పాకుతుంది. మరీ ఆనుకుని కోస్తే కన్ను దెబ్బతింటుంది. పెన్సిలు కన్నా సన్నని బలహీనపు పుల్లలు లోపల ఉంటే మొదటికంటా తీసేయండి. ఆకంతా దుయ్యండి. పైమట్టి రెండంగుళాలు గీకి తీసి, రెండు రోజులు వేళ్ల మొదళ్లకు ఎండ తగలనిచ్చి, కొత్త ఎరువు, వేపపిండి వేసి కప్పండి. అప్పుడు నిండా నీళ్లు.

చిగురు వేలెడు లేచాక నీళ్లు తప్పకూడదు. మొగ్గ కనబడ్డాక ఒక్కరోజు కుండీ ఎండినా మొగ్గలు రాలతాయి. ఏప్రిల్ ఎండల్లో పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి.

ఎరువుల విషయంలో నా అభిప్రాయం గట్టిది. ఉల్లితొక్కల నీళ్లు, అరటితొక్కల నీళ్లు, బియ్యం కడుగు, కాఫీపొడి పిప్పి అంటూ ఫోన్లో రోజుకో చిట్కా వస్తోంది. వాటివల్ల చెట్టుకు పెద్ద చెరుపు లేదు. ఎండ, కత్తిరింపు లేకుండా అవి పూలు పూయిస్తాయనుకోవడమే తప్పు. వేరుశనగ పిండి మూడు రోజులు నానబెట్టి, ఒకటికి పది పాళ్లు నీళ్లు కలిపి నెలకు రెండుసార్లు పోస్తే చాలు. యూరియా వేయొద్దు. ఆకు కోసం ఆకు పెంచుకోవడమే అవుతుంది. పొటాష్, భాస్వరం కాస్త ఎక్కువున్న ఎరువు నయం. తోటల్లో గుండుమల్లెకు ఏడాదికి చెట్టుకు 60 గ్రాముల నత్రజని వేస్తే భాస్వరం, పొటాష్ 120 గ్రాముల చొప్పున వేయమని సిఫారసు ఉండటంలోనే ఆ సంగతి ఉంది.

లేత ఆకు పచ్చదనం పోయి పసుపు తిరిగి, ఈనెలు మాత్రం పచ్చగా మిగిలితే అది ఇనుము లోపం. బోరునీళ్లు ఉప్పగా, గట్టిగా ఉండే ఇళ్లలో ఇది తప్పదు. ఎరువుల కొట్లో అన్నభేది దొరుకుతుంది. లీటరు నీటికి 5 గ్రాములు కరిగించి, కాస్త నిమ్మ ఉప్పు వేసి, సాయంత్రం పూట ఆకుల మీద చల్లాలి. వారం తర్వాత మళ్లీ ఒకసారి. ఆకు తేరుకోవడం కళ్లతో చూడొచ్చు.

పురుగుల్లో ఏడిపించేది మొగ్గ తొలిచేది. మొగ్గకు సన్నని బెజ్జం పడి, ఊదారంగు తిరిగి, పక్క మొగ్గలతో కలిసి సాలెపోగుల్లాంటి దారంతో అతుక్కుపోతుంది. ఒకటి రెండు చెట్లున్న ఇంటికి మందు అవసరం లేదు. అలాంటి మొగ్గల్ని రోజూ ఏరి సబ్బునీళ్లలో వేస్తే వారంలో అదుపులోకి వస్తుంది. మొగ్గలు మొదట్లో వాచి, గులాబీరంగు తిరిగి, విచ్చకుండా రాలిపోతుంటే అది చిన్న ఈగ పిల్ల పని. రాలిన మొగ్గల్ని కుండీలో వదలకుండా తీసేయాలి, ఎందుకంటే ఆ పురుగు మట్టిలోకే దిగి మళ్లీ లేస్తుంది. ఆకు అడుగున సన్నని బూజులా ఉండి ఆకు ధూళిరంగు తిరిగితే ఎర్రనల్లి. గొట్టంతో ఆకు అడుగుకు నీళ్లు గట్టిగా కొట్టడమే మొదటి వైద్యం. వేపనూనె లీటరుకు 5 మిల్లీలీటర్లు, సబ్బు చుక్క కలిపి చల్లొచ్చు. తలలో పెట్టుకునే పువ్వు, దేవుడి ముందు ఉంచే పువ్వు. ఘాటు మందులు ఇంటి మల్లె దరికి రానివ్వకపోవడం మంచిది.

ఒక విడత పూత అయ్యాక చాలామంది చేతులు దులిపేసుకుంటారు. అసలు పని అక్కడ మళ్లీ ఉంది. పూసిన చిగుళ్ల కొసల్ని రెండు జతల ఆకుల కిందికి తుంచేయండి. ఐదారు వారాల్లో మరో విడత వస్తుంది. ఇలా తుంచుతూ పోతే తొలకరి దాకా మూడు విడతలు తీయొచ్చు. చలికాలంలో కత్తెర వేయడం మరిచినవాళ్లకూ దారి ఇదే. ఎండలు మొదలయ్యాక మోకాలెత్తుకు నరకొద్దు, ఎండ దెబ్బకు మొక్క తట్టుకోలేదు. కొసలు మాత్రం జానెడు తుంచి, పాదు గుల్లచేసి, ఎరువేసి నీళ్లు పెట్టండి. మే నెలలో పూలు చూస్తారు.

ఇంట్లోకే పూలు కోసుకునేవాళ్లు సాయంత్రం నాలుగింటికి కోయండి. అరటినారను తడిపి, ఇటు రెండు మొగ్గలు, అటు రెండు మొగ్గలు కాడలు ఎదురెదురుగా పెట్టి ముడి వేస్తూ పోతే మాల తయారు. మధ్యలో మరువం రెమ్మ పడితే రెండింటి వాసనా పెరుగుతుంది. తడిగుడ్డలో చుట్టి చల్లనిచోట ఉంచితే విచ్చుకోవడం నెమ్మదిస్తుంది. ఆడపిల్లలున్న ఇళ్లలో వేసవి సెలవుల్లో పూలజడ వేసే ఆనవాయితీ ఇంకా పోలేదు. దానికి ఒక కుండీ మల్లెలు చాలవు. వాడకట్టులో నాలుగిళ్లవాళ్లు తలా ఒక సోల మొగ్గలు ఇస్తే అయ్యే పని అది. మా వీధిలో ఇప్పటికీ అలాగే అవుతోంది.

వానలు పడ్డాక మరో మొక్క చేసుకోవచ్చు. నేలకు దగ్గరగా వంగిన కొమ్మ ఒకటి చూసుకుని, మధ్యలో ఒక కణుపు కింద బెరడు కొద్దిగా గీరి, ఆ కణుపును రెండంగుళాల లోతు మట్టిలో వంచి పాతి, పైన ఇటుకముక్క పెట్టండి. కొస బయటే ఉండాలి. కుండీ అయితే పక్కన మరో చిన్న కుండీ పెట్టి అందులోకి వంచొచ్చు. మట్టి తడి ఆరకుండా చూస్తే రెండు మూడు నెలల్లో వేరు పట్టి, కొసన కొత్త చిగురు వేస్తుంది. అప్పుడు తల్లి వైపు కొమ్మను కోసి విడదీయండి. వేరు పట్టిన ఆ పిల్లమొక్కను మల్లె లేని ఇంటికి ఇవ్వండి. ఇచ్చేటప్పుడు సంక్రాంతి తర్వాత కత్తెర వేయమని కూడా చెప్పండి.